నేను రాసిన టైటిల్

మా డిపార్ట్‌మెంటులో ఫేర్‌వెల్ అంటే చీరలు, బిర్యానీ, ఫొటోలు, ఆఖర్న ఏడుపులు. కాని అసలు పండగ మాత్రం టైటిల్స్‌ది. వెళ్లిపోయే సీనియర్లకి ఒక్కొక్కరికి ఒక్కో బిరుదు ఇస్తారు. మెరిసే శాటిన్ రిబ్బను మీద రాసి, స్టేజి మీదికి పిలిచి, మైకులో చదివి, దాన్ని భుజం మీంచి ఏటవాలుగా వేస్తారు. హాలంతా ఘొల్లున నవ్వాలి. నవ్వకపోతే ఆ టైటిల్ దండగ. క్యాంటీన్ వదలని అమ్మాయికి 'సమోసా సామ్రాజ్ఞి', ఎప్పుడూ క్లాసు సగంలో తలుపు తోసేవాడికి 'ఆఖరి బస్సు మహారాజు'. రెండేళ్లలో చదివింది మరిచిపోతాం గాని, టైటిల్ చచ్చేదాకా మన వెంటే ఉంటుంది.

పేరుకి అవి జూనియర్లు ఇచ్చేవి. కాని మా బ్యాచ్‌వాళ్ల గుట్టుమట్లు వాళ్లకేం తెలుస్తాయి? ఫేర్‌వెల్‌కి వారం ముందు ఇద్దరు జూనియర్ పిల్లలు నన్ను మెట్ల కింద పట్టుకున్నారు. "అక్కా, జర నువ్వే రాసియ్యవా? నీ లెక్క పంచులు మాకు రావు. ఎవ్వరికి చెప్పం, ఒట్టు" అన్నారు. నేను ఉబ్బిపోయాను. తార్నాకలో ఒక ఫ్యాన్సీ షాపుకి వెళ్లి రిబ్బన్లూ, బంగారు రంగు పెన్నులూ కొనుక్కొచ్చాం. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పరిచి, నాది తప్ప అన్నీ నా చేత్తోనే రాశాను.

ఆ రిబ్బన్లలో ఒకటి తూర్పు ఆఫ్రికాలో ఒక ఇంటి ముందుగదిలో, అద్దం బిగించిన ఫ్రేములో, గోడకి వేలాడుతోంది. దాన్ని అక్కడ వేలాడదీసింది నా స్నేహితురాలి తల్లి. ఆవిడకి తెలుగు రాదు. దాని మీద ఏం రాసి ఉందని ఆవిడ నన్ను అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. ఇన్నేళ్లూ ఆ అబద్ధం ఎప్పుడు బయటపడుతుందా అని గుండె అరచేతిలో పెట్టుకుని బతికాను.

రిబ్బను మీద ఏం రాశానో చెప్పాలంటే ముందు నా రంగు గురించి చెప్పాలి. నేను నల్లగా ఉంటాను. మా అమ్మ ప్రతి ఫారంలోనూ చామనఛాయ అని రాసేది గాని, అది తల్లిప్రేమ. మావాళ్లది గోదావరి వైపు. నాన్న ఉద్యోగం పేరు చెప్పి వచ్చి తార్నాకలో స్థిరపడ్డాం. ఊరి నుంచి ఏ చుట్టం వచ్చినా నన్ను చూసి "పిల్ల నలుపైనా కళగా ఉందర్రా" అనేవాళ్లు. మా అమ్మమ్మ "నలుపు నారాయణ మెచ్చు" అని నన్ను దగ్గరికి తీసుకునేది. నారాయణుడి సంగతేమో గాని, క్లాసులో నలుగురూ మెచ్చలేదు.

ఎనిమిదో తరగతిలో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి, కరెంటు పోయి, గది చీకటైంది. వెనక బెంచీలోంచి ఒకడు అరిచాడు, "కరెంటు పోతే నవ్వవే తల్లీ, ఎక్కడున్నవో తెలుస్తది!" టీచరు కూడా నవ్వాపుకోలేకపోయింది. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. మళ్లీ కరెంటు పోయినప్పుడు మాత్రం ఎవరూ నోరు తెరవకముందే నేనే లేచి నిలబడి, పళ్లన్నీ బయటపెట్టి, "ఇదిగో, నేనిక్కడున్నా!" అన్నాను. అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్విస్తే నవ్వారు. ఎదుటివాడు జోకు వేసేలోపు మన మీద మనమే వేసుకుంటే దెబ్బ తగలదని ఆ రోజు కనిపెట్టాను. అప్పటినుంచి ఎక్కడికెళ్లినా జోకులు నావే. యూనివర్సిటీకి వచ్చేసరికి ఆ విద్యలో పండిపోయాను.

ఎమ్మే మొదటి సంవత్సరం, క్లాసులు మొదలైన రెండో వారంలో ఆమె వచ్చింది. వాళ్లది తూర్పు ఆఫ్రికాలో సముద్రం పక్కన చిన్న పట్నం. తండ్రి లేడు. తల్లి బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లిష్ సాహిత్యం చదవడానికి ఇంతదూరం వచ్చింది. ఆ రోజు క్లాసులో ఖాళీగా ఉన్నది నా పక్క కుర్చీ ఒక్కటే. వచ్చి కూర్చుని, నన్ను చూసి చిన్నగా తలూపింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఆమె పక్కన కూర్చోగానే నాకు కలిగింది స్నేహం కాదు, ఊరట. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నేనున్న గదిలో నాకంటే నల్లని మనిషి ఉంది. ఇకనుంచి ఎవరైనా నలుపు మాటెత్తితే కళ్లన్నీ నా మీదికి రావు, ఒక కుర్చీ అవతలికి వెళ్తాయి. స్నేహం తర్వాత వచ్చింది. నిజంగానే వచ్చింది, చాలా గట్టిగా వచ్చింది. కాని ముందొచ్చింది మాత్రం ఊరటే.

ఆదివారాలు ఆమె మా ఇంటికి వచ్చేది. హాస్టల్ మెస్సులో కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని, మా అమ్మ చేసే పెసరట్లు మాత్రం లెక్కలేకుండా తినేది. మొదటిరోజే మా అమ్మ ఆమెని ఎగాదిగా చూసి, ప్రేమగానే, "నలుపైనా ఎంత కళగా ఉందే ఈ పిల్ల!" అంది. ఏమంటోందని ఆమె అడిగితే చెప్పాను. ఆమె అట్టు ముక్క తుంచుకుంటూ, "మా దగ్గర కూడా కొందరు ఇలాగే అంటారు. ఆ 'అయినా' లేకుండా ఒక్కసారి అనమను మీ అమ్మని" అంది. నేను నవ్వేశాను. అమ్మకి చెప్పలేదు.

తెలుగు అక్షరాలు ఆమెకి నేర్పింది నేనే. క్యాంపస్ గేటు దగ్గర నిలబడి వచ్చే పోయే బస్సుల బోర్డులు చదివించేదాన్ని. మొదట చదివింది 'తార్నాక'. తర్వాత 'రామంతాపూర్'. 'బౌద్ధనగర్' దగ్గర ఆ ఒత్తు చూసి నెల రోజులు దండం పెట్టింది. ఒకరోజు బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే దాన్ని గట్టిగా చదివేసి, బస్టాపులో అందరూ చూస్తుండగా నన్ను కావలించుకుంది. నోటుబుక్కులో నా అక్షరాలు చూసి దిద్దేది గనక ఆమె రాత కూడా నా రాతలాగే వచ్చింది. నేను 'త' తోకని కాస్త పొడుగ్గా కిందికి లాగుతాను. ఆమె కూడా అలాగే లాగేది.

బయట ఆమె బతుకు ఎలా ఉండేదో చూస్తూనే ఉన్నాను. ఆమెది నైజీరియా కాదు, అయినా తార్నాకలో అందరికీ ఆమె నైజీరియానే. మెట్రోలో పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడేవాళ్లు. జుట్టు ముట్టుకోవచ్చా అని పిల్లలు అడిగి ముట్టుకునేవాళ్లు, పెద్దవాళ్లు అడక్కుండా ముట్టుకునేవాళ్లు. రెండో ఏడాది ఆమెకి హాస్టల్ బయట గది చూద్దామని ఇద్దరం టులెట్ బోర్డులు వెతుక్కుంటూ వీధి వీధీ తిరిగాం. ఫోన్లో నేను మాట్లాడితే గది ఉండేది. గేటు దగ్గర ఆమెని చూడగానే ఉండేది కాదు. ఒకావిడ పాపం చాలా మర్యాదగా, "ఏమనుకోకమ్మా, మాకైతే ఏం లేదు. పైన పోర్షనోళ్లు ఒప్పుకోరు" అంది. పైన పోర్షనుకి టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది.

ఆ సాయంత్రం క్యాంటీన్లో కూర్చుని టీ తాగుతుంటే మా క్లాసువాడొకడు మా ఇద్దర్నీ చూసి, "ఏందే, ఈమె పక్కన కూసుంటే నువ్వు తెల్లగ కొడుతున్నవ్! ఫెయిర్‌నెస్ క్రీములు ఎందుకింక, ఈమెనే ఎంబడి తిప్పుకో" అన్నాడు. టేబులంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఎంత హాయిగా నవ్వానో ఇప్పటికీ గుర్తుంది. తెల్లగా ఉన్నావని నాతో ఎవరైనా అనడం అదే మొదలు.

బయటికొచ్చాక ఆమె అడిగింది, "అతనేమన్నాడో సగం అర్థమైంది. నువ్వెందుకు నవ్వావు?"

నా దగ్గర జవాబు రెడీగా ఉంది. మేం అందరి మీదా జోకులు వేసుకుంటాం, పొట్టివాణ్ని, లావుగా ఉన్నవాళ్లని, బట్టతల సార్ని ఎవర్నీ వదలం, నా మీద నేనే వేసుకుంటాను, నవ్వేస్తే పోతుంది, మనసులో పెట్టుకుంటేనే బరువు అని చెప్పాను. గేటు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. ఆమె అంతా విని, "పొట్టివాడికి గది ఇవ్వనన్నారా ఎవరైనా?" అంది. నేను నోరు మూసుకోలేదు. "నవ్వకపోతే మాత్రం గది ఇస్తారా ఏంటి!" అన్నాను. పంచు పేలింది. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వించి ఆ మాటని అక్కడికి తుంచేశాను.

నవ్వు నాలుగు విధాల చేటు అని మా అమ్మమ్మ అంటే పాతకాలం మాట అనుకునేదాన్ని. ఆ నాలుగేవో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం బాగా తెలిసొచ్చింది.

ఫేర్‌వెల్ రిబ్బన్ల దగ్గరికి వస్తాను. మిగతావాళ్లవన్నీ రెండు గంటల్లో అయిపోయాయి. ఆమెది మాత్రం తట్టలేదు. ఆమె లేటుగా రాదు, నిద్రపోదు, ఎవరితోనూ దెబ్బలాడదు. జోకు పట్టుకోవడానికి కొక్కెమే లేదు. 'లైబ్రరీ మహారాణి' అని ఒకటి అనుకున్నాను గాని దానికి హాలు నవ్వదు. అప్పుడు నా పాత పెట్టెలోంచి ఒకటి తీశాను. 'కరెంటు పోతే నవ్వవే తల్లీ!' అని రాశాను. నా జోకే కదా, నా సొంతం, ఎవరి దగ్గరా కొట్టుకొచ్చింది కాదు, ఇంకా ప్రేమగా ఆమెకి ఇస్తున్నాననుకున్నాను. అక్క విప్పేసిన గౌను చెల్లెలికి తొడిగినట్టు. ఆ గౌను నన్ను ఎనిమిదో తరగతిలో ఎలా కోసిందో అప్పుడు గుర్తు రాలేదు. కాదు, వచ్చింది. పక్కకి నెట్టేశాను.

ఫేర్‌వెల్ నాడు మధ్యాహ్నం సెమినార్ హాల్లో ఆమె మా అమ్మ పసుపుపచ్చ పట్టుచీర కట్టుకుంది. కుచ్చిళ్లు అమ్మే పెట్టింది. స్టేజి మీదికి పిలిచే ముందు ఆమె తల్లికి వీడియో కాల్ చేసి, ఫోను నా చేతికిచ్చి, "నువ్వు పట్టుకో. అమ్మకి నేను కనపడాలి" అంది. ఫోన్లో ఆవిడ చర్చికి వెళ్లే బట్టలు వేసుకుని, తలకి రంగురంగుల గుడ్డ చుట్టుకుని, ఫొటో దిగడానికి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. వెనకాల ఎవరో ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా ఉన్నారు. స్టేజి పక్కకి పరిగెత్తి ఆ రిబ్బను లాగేసుకోవచ్చు. దానికి పది అడుగులు చాలు. నేను కదల్లేదు.

జూనియర్ పిల్ల మైకులో చదివింది. హాలు పైకప్పు ఎగిరిపోయింది. అంతసేపట్లో ఏ టైటిల్‌కీ అంత నవ్వు రాలేదు. ముందు వరసలో సార్లు రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. నా చేతిలో, ఆ బుల్లి అద్దంలో, ఆమె తల్లి కూడా నవ్వుతోంది. అందరూ తన కూతుర్ని చూసి ఇంత సంతోషపడుతున్నారని రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతోంది. నేనూ నవ్వుతున్నాను. మొహం మీద నవ్వు ఆపడం చేతకాలేదు నాకు.

ఆమె రిబ్బనుతో దిగి వచ్చి నా పక్కన నిలబడింది. తల్లి అడిగింది, "ఏం రాశారు దాని మీద? చెప్పు, చెప్పు." ఆమె నా మొహంలోకి చూసి, "నువ్వే చెప్పు మా అమ్మకి. నీకు బాగా తెలుసు" అంది. ఇంత మంది గోలలో ఆమెకి సరిగా అర్థమై ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత తెలివిగల అబద్ధాలైనా మనకి మనం చెప్పుకునేవాటి ముందు దిగదుడుపే. ఫోను దగ్గరికి తీసుకుని ఇంగ్లిష్‌లో, "'మా డిపార్ట్‌మెంటుకి వెలుగు' అని రాశారమ్మా" అన్నాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక్కి తిరిగి ఇరుగుపొరుగుకి వాళ్ల భాషలో చెప్పింది. ముగ్గురూ ఏడ్చారు. "నా బిడ్డ అక్కడ ఒంటరిగా ఉందని రోజూ దిగులుపడేదాన్ని. వెలుగు అన్నారా? జాగ్రత్తగా పట్టుకురా దాన్ని, నలపకు" అని కూతురికి మరీ మరీ చెప్పింది. నాకు కూడా థాంక్స్ చెప్పింది.

నాకు జూనియర్లు తామే రాసి ఇచ్చిన టైటిల్ 'పంచుల పంతులమ్మ'. అందులో రంగు ఊసే లేదు. ఆమె ఉన్న బ్యాచ్‌లో నా నలుపు ఎవరికి కావాలి?

మర్నాడే మళ్లీ ఆ ఫ్యాన్సీ షాపుకి వెళ్లాను. అదే రంగు రిబ్బను, అదే బంగారు పెన్ను కొన్నాను. ఇంట్లో తలుపేసుకుని 'మా డిపార్ట్‌మెంటుకి వెలుగు' అని రాశాను. ఎలాగైనా పాతది తీసేసుకుని ఇది పెట్టెలో పెట్టించాలని హాస్టల్‌కి పరిగెత్తాను. ఆమె సామాను సర్దుకుంటోంది. పాత రిబ్బను మడత పడకుండా అట్టముక్కకి చుట్టి, బట్టల పైన పెట్టింది. నేను కొత్తది తీసి చేతికిచ్చి, "అది ఇచ్చెయ్యి. జూనియర్లు దాని మీద ఏదో పిచ్చిరాత రాశారు. ఇది తీసుకెళ్లు" అన్నాను. జూనియర్లు అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఆమె రెండు రిబ్బన్లనీ మంచం మీద పక్కపక్కన పరిచింది. చాలాసేపు చూసింది. వేలితో ఒకదాని మీద ఒక అక్షరాన్ని దిద్దింది, తర్వాత రెండోదాని మీద అదే అక్షరాన్ని దిద్దింది. "కొత్తది బాగుంది" అంది. "కాని అమ్మ చూసింది పాతదాన్ని. ఆవిడ ముప్పై ఏళ్లు పిల్లల కాపీలు పట్టుకున్న టీచరు. మార్చితే కనిపెట్టేస్తుంది." కొత్త రిబ్బను చుట్టచుట్టి నా చేతిలో పెట్టి, నా గుప్పిట మూసింది. ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు ఆగింది కూడా. ఆ ఆగిన కాసేపూ నేను ఆమె సూట్‌కేసు జిప్పు బాగు చేస్తూ కూర్చున్నాను.

ఆమె వెళ్లిన నెలకి ఫొటో వచ్చింది. ఫ్రేములో రిబ్బను, ఒక పక్క చనిపోయిన తండ్రి ఫొటో, ఇంకో పక్క ఎమ్మే పట్టా. ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. తల్లి కూడా వచ్చి పలకరించేది. నన్ను 'హైదరాబాదు కూతురా' అని పిలిచేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లి, "మా అమ్మాయిని అక్కడ వెలుగు అనేవాళ్లు" అని చెబుతుందట. అది వింటుంటే అన్నం తింటున్నదాన్ని తింటున్నట్టే ఆగిపోయేదాన్ని. ఆ దేశంలో తెలుగు చదివేవాళ్లు ఆ గుమ్మం తొక్కకూడదని మొక్కుకునేదాన్ని. ఇదేం మొక్కో, ఏ దేవుడు తీర్చాలో!

నేను ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఏటా ఫేర్‌వెల్ ముందు పిల్లలు టైటిల్స్ లిస్టు పట్టుకొస్తారు. రంగు మీదా, మొహం మీదా, ఊరి మీదా ఉన్నవి కొట్టేస్తాను. "మేడం, వాడే నవ్వుతడు, వాడికే ఫీలింగ్ లేదు, మీకేంది?" అని ఒకడు వాదించాడు. నాకు అరవాలనిపించింది. వాడు నవ్వక ఏం చేస్తాడురా? రెండొందల మంది నవ్వుతుంటే ఒక్కడు నవ్వకుండా నిలబడటానికి ఎంత బలం కావాలో నీకు తెలుసా? వాడి నవ్వుని ఒప్పుకోలు అనుకోవడం మనకి సుఖం గనక అనుకుంటాం. ఇవేవీ అనలేదు. పెన్ను తీసి ఆ పేరు పక్కన గీత కొట్టాను, అంతే.

పోయిన వర్షాకాలం, ఆదివారం కాని రోజు, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి తార్నాక మెట్రో మెట్లు దిగుతుంటే ఆమె ఫోను వచ్చింది. పలకరింపు లేదు. "మా ఇంటికి ఒక తెలుగాయన వచ్చాడు" అంది. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మందుల కంపెనీలో పని మీద ఆ పట్నానికి వచ్చిన మనిషి. ఎక్కడో దుకాణంలో ఆమె తల్లికి పరిచయమయ్యాడు. హైదరాబాదు అనగానే ఆవిడ పట్టలేని సంతోషంతో ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లింది. మీ భాషలో ఒక్కసారి చదివి వినిపించు బాబూ, ఆ మాట ఎలా ఉంటుందో వినాలని ఎన్నేళ్లుగానో ఉంది అని అడిగింది.

"ఆయన చదివాడు. నవ్వాడు" అంది నా స్నేహితురాలు. "చెడ్డవాడేం కాదు. నవ్వు ముందొచ్చేసింది, సిగ్గు తర్వాత వచ్చింది. అమ్మ ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయన వెళ్లాక నన్ను కూర్చోబెట్టి, 'వెలుగు అన్న మాట చదివి ఎవరూ అలా నవ్వరు, నిజం చెప్పు' అంది. చెప్పాను."

మెట్ల మీద జనం నన్ను దాటుకుంటూ పోతున్నారు. నేను క్షమించు అనబోయాను. ఆమె ఆగలేదు.

"నాకు ఆ రోజే తెలుసు. మైకులో చదవగానే అర్థమైంది. రిబ్బను చేతికి రాగానే ఎవరు రాశారో కూడా అర్థమైంది. నీ 'త' తోక నాకు తెలియదా? అందుకే నిన్నే చెప్పమన్నాను. మా అమ్మ మొహంలోకి చూసి చెప్పలేవు, ఆగిపోతావు, తర్వాత నా దగ్గర ఏడుస్తావు, నేను సరేలే అంటాను అనుకున్నాను. హాస్టల్లో కూడా ఆగాను. నువ్వు జూనియర్లు అన్నావు."

"మరి ఇన్నేళ్లూ నాతో ఎందుకు మాట్లాడావు?" అని అడిగాను. ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది నాకు.

"ఆ ఊళ్లో నా పక్కన కూర్చున్నది నువ్వొక్కదానివే" అంది. "అసలు నీ పక్కన కూర్చున్నది నేనే అనుకో."

తల్లి ఫ్రేము తీసేయలేదట. విప్పి, రిబ్బను తిరగేసి, మళ్లీ అద్దం బిగించి అక్కడే పెట్టిందట. మేకు గుర్తు కనపడుతుందని కాబోలు. ఇప్పుడు అందులో రాత లేని శాటిన్ గుడ్డ ఒక్కటే కనపడుతుంది. చుట్టాలు వస్తే ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లడం లేదు.

"అమ్మ నన్ను ఒక్కటే అడిగింది" అంది ఆఖర్న. "ఆ హైదరాబాదు కూతురు తెలిసే అలా చెప్పిందా అని. నేను లేదన్నాను. మీ పిల్లలు చాలామంది ఇంగ్లిష్ మీడియం కదా, నీకు తెలుగు చదవడం రాదని చెప్పాను. పక్కవాళ్లు ఏం చెబితే అది చెప్పావని చెప్పాను. అమ్మ నమ్మింది. నిన్ను రోజూ ప్రార్థనలో తలుచుకుంటోంది, పాపం సొంత భాష చదవడం రాని పిల్ల అని. ఇక ఆదివారాలు ఫోన్ చేయకు. అమ్మ నీతో మాట్లాడతానంటుంది. నువ్వు మళ్లీ ఏదో ఒకటి చెబుతావు."

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత నేను చేయలేదు, తను చేయలేదు.

కొత్త రిబ్బను నా బీరువాలో చీరల కింద ఉంది. ఆ తల్లికి ఫోన్ చేసి, "నాకు చదవడం వచ్చమ్మా, రాసింది కూడా నేనే" అని చెప్పాలని ఎన్నిసార్లో నంబరు తీశాను. నా జీవితంలో ఆవిడతో చెప్పే మొదటి నిజం అదే అవుతుంది. కాని అది చెబితే, నన్ను కాపాడటానికి కూతురు తనతో అబద్ధమాడిందని ఆవిడకి తెలుస్తుంది. అందుకని నంబరు తీసి, చూసి, మళ్లీ పెట్టేస్తాను. అక్కడ ఆవిడ ఇవాళ కూడా నాకు చదువు రావాలని ప్రార్థన చేసే ఉంటుంది.